కోతి ముట్టిన ముద్ద

మలాజ్, రియాద్
9 మార్చి 1991

అంజన్న బావకు,

పన్నెండేళ్ల కింద గోదావరి పుష్కరాలకు మా అమ్మను ధర్మపురికి తీసుకొస్తానని నువ్వు మాటిచ్చావు. తీసుకురాలేదు. ఉత్తరం ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదు, ముందు క్షేమసమాచారాలు రాయాలి. యుద్ధం అయిపోయింది, నేను బతికున్నాను. క్షేమసమాచారాలు అయిపోయాయి.

అప్పుడు నేను నిజామాబాదు లైబ్రరీలో గుమాస్తాను. రాయికల్ నుంచి అమ్మ ఎవరి చేతనో ఉత్తరం రాయించింది. అల్లుడు జీపు మాట్లాడాడు, నన్ను ధర్మపురికి తీసుకొస్తాడు, నువ్వు నేరుగా గోదావరి గడ్డకు రా, నేను వచ్చేదాకా బాపుకు నీళ్లు వదలకు, అని. నేను వెళ్లాను. గుండు చేయించుకున్నాను. నువ్వుల పొట్లం ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. నా కళ్లముందే జిల్లాకు జిల్లా అంతా తమ తండ్రులకు నీళ్లు వదిలి లేచిపోయింది. అయ్యగారు పిలిచి పిలిచి విసుగెత్తి, తరవాత నన్ను చూస్తేనే ముఖం తిప్పుకున్నాడు. పుష్కరం చివరి రోజు దాకా కూర్చుని, చుక్క నీరు వదలకుండా లేచాను. గుండు చేయించుకుని పని కాకుండా తిరిగొచ్చిన కొడుకు గోదావరి పొడుగునా నేనొక్కణ్ణే.

నిన్ను అడిగితే ఏమన్నావు? జీపు వాకిట్లో పెట్టాను, అత్తే ఎక్కలేదు, కొడుకుకు సెలవు దొరకలేదని రాశాడట అన్నావు. నేను అలా రాయలేదు. మా అమ్మ జన్మలో అబద్ధమాడలేదు. మిగిలింది నువ్వు. అమ్మను అడిగితే, "పోనీ బిడ్డా, బావను ఏమనకు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆమె పోయినప్పుడు నేను ఇక్కడ, నా పాస్‌పోర్టు ఆఫీసు సొరుగులో. నిప్పు కూడా నువ్వే పెట్టావు. ఒక్కగానొక్క కొడుకును, కన్నతల్లికి ఇంతవరకు దోసెడు నీళ్లు ఇవ్వలేదు. ఈ ఆగస్టులో మళ్లీ పుష్కరం. ఇది తప్పితే ఇంకో పన్నెండేళ్లు. అప్పటికి నేను నీళ్లు వదిలేవాళ్లలో ఉండను, అందుకునేవాళ్లలో ఉంటాను. కాబట్టి వస్తున్నాను. నువ్వు జీపు మాట్లాడవద్దు, మాట ఇవ్వవద్దు, నీళ్లలో చెయ్యి పెట్టవద్దు.

యుద్ధం సంగతి అడుగుతావేమో. సైరన్ మోగినప్పుడల్లా పెద్ద ఉద్యోగులు మాస్కులు తగిలించుకుని గదుల్లో కూర్చున్నారు. నాకు మాస్కు ఇవ్వడానికి గడ్డం తీసెయ్యమన్నారు. విషవాయువుతో పోయినా ఫర్వాలేదు, నున్నటి ముఖంతో పోనన్నాను.

చెల్లెలు స్వర్ణకు ఆశీస్సులు. నీకు ఏమీ లేవు.

లింబాద్రి

*

కోరుట్ల
4 ఏప్రిల్ 1991

బావా,

నీ ఉత్తరాన్ని గిర్నీలో పదిమంది ముందు విప్పి, చేతులకు పిండి ఉందని ఒక కుర్రవాడి చేత పైకి చదివించుకున్నాను. ఇకమీదట ఇంటికి తెచ్చుకుని విప్పుతాను. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు జొన్నలు మరిచిపోయి మరీ విన్నారు.

నువ్వు పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది గురించి రాసిన ప్రతిసారీ నేను ఒకటే జవాబు రాస్తున్నాను. జీపు మాట్లాడాను. రాయికల్‌లో అత్త వాకిట్లో నిలబెట్టాను. డ్రైవరు హారను కొట్టాడు. అత్త బయటికొచ్చి, "లింబాద్రి రాడట, కొడుకు లేనిది నేనెందుకు, నువ్వు పో బిడ్డా" అన్నది. అత్త అబద్ధమాడదు. నేను ఆడలేదు. మిగిలింది నువ్వు. నీ లెక్కే నేనూ చేశాను బావా, నాకు జవాబు వేరే వచ్చింది.

అయినా రా. అయ్యగారికి చెప్పి ఉంచాను. అత్త రాగి చెంబు సొట్టలు తీయించాను. ఒక్క సంగతి మాత్రం అర్థం కావడం లేదు. పుష్కరం మాట ఎత్తితే మీ చెల్లెలు ఏదో ఒక గిన్నె కింద పడేస్తుంది. తల్లి గుర్తొచ్చి దుఃఖమేమో అనుకుంటున్నాను. నువ్వు రాసే ఉత్తరాలు వింటే ఎవరికైనా దుఃఖమొస్తుంది.

ఒకవేళ నీకు సెలవు దొరక్కపోతే మనసులో పెట్టుకోకు, నేను చేస్తాను. అల్లుడు చేస్తే చెల్లదని ఎక్కడా లేదట.

గిర్నీ అంజన్న

*

మలాజ్, రియాద్
20 జూన్ 1991
(సెలవు మీద వస్తున్న మీ కోరుట్ల లక్ష్మణ్ చేతికిచ్చి పంపుతున్నాను. ఇది చదివి దాచు, గిర్నీలో చదివించకు.)

బావా,

అల్లుడు చేస్తే చెల్లదని ఎక్కడుందో చూపిస్తాను, నాకు తీరిక దొరకనీ. నువ్వు పట్టిన పిండి కంటే నేను చదివిన పేజీలు ఎక్కువ.

కానీ నేను రావడం లేదు. చెప్పడానికి నోరు రావడం లేదు కాబట్టి రాస్తున్నాను. ఊరికొచ్చి మళ్లీ తిరిగి రావడానికి ఇచ్చే ఎక్జిట్ రీఎంట్రీ కాగితం మీద కఫీల్, అంటే మమ్మల్ని తెప్పించుకున్న యజమాని, సంతకం కావాలి. మా కఫీల్ మొదటి సైరన్ మోగిన వారంలోనే, గుర్రానికి బాగాలేదని చెప్పి విదేశం వెళ్లాడు. గుర్రం ఇంకా కోలుకోలేదు. యుద్ధానికి భయపడి పోలేదని ఆఫీసులో అందరం ఒప్పుకున్నాం.

ఈ ఆఫీసులో అమ్మిరాజు అనే క్లర్కు ఉన్నాడు. రాజమండ్రి దగ్గరివాడు. కంపెనీ పోస్టు పెట్టెకు వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం అన్నీ వాడు చదివాకే కదులుతాయి. నీ ఏప్రిల్ ఉత్తరం నాకంటే ముందు చదివి, "మీ బావగారు చెప్పిందే నిజంలా ఉందండీ" అని తీర్పు కూడా ఇచ్చాడు. పైగా అసలు గోదావరి రాజమండ్రి దగ్గరేనట, పైన మనది కాలవలాంటిదట. పై నుంచి మేం వదిలిందే మీ దగ్గరికి వస్తుంది, మేం స్నానాలు చేశాక, అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. ప్రశాంతంగా గడిచింది.

ఇప్పుడు నా ఉపాయం విను. కడప అబ్దుల్ ఘనీ మా కంపెనీ లారీ డ్రైవరు. నమాజు వదలడు, మాట జారడు. కిందటేడు అభా కొండల్లో రేడియేటర్ ఎండిపోతే నీళ్ల కోసం కిందికి దిగి, నేషనల్ పార్కు లోపల ఒక జలపాతం చూశాడట. పార్కువాళ్లు అచ్చేసిన పుస్తకం సంపాదించి చదివాను. అందులో కొండలున్నాయి, కోతులున్నాయి, మరుగుదొడ్లు ఎక్కడున్నాయో కూడా ఉంది, జలపాతం లేదు. అంటే ఎవరూ రారు. ఈ ఎడారి దేశంలో ఆగస్టు నెలలో వానపడే చోటు అదొక్కటే.

పారే నీళ్లు ఏవైనా సరే, మంత్రంతో పిలిస్తే నదులన్నీ వచ్చి చేరతాయని మనవాళ్లు రోజూ చెంబులో నీళ్లకే చెబుతారు. చెంబులోకి వచ్చే గోదావరి జలపాతంలోకి రాదా? పుష్కరం రోజుల్లోనే అభాకు కూలర్ల లోడు పోతోంది. ఎండాకాలంలో పెద్దలందరూ చల్లగా ఉంటుందని అక్కడికి వెళతారు, వెళ్లాక కూలర్లు తెప్పించుకుంటారు. కాగితం మీద నేను హెల్పర్‌ని.

ఈ దేశంలో మన పూజలు బయట చెయ్యకూడదు. అమ్మిరాజుకు తెలిస్తే మేనేజరుకు తెలుస్తుంది, ఘనీ ఉద్యోగం పోతుంది. అందుకని అభా నుంచి వచ్చాక కంపెనీ పోస్టులోనే నీకు ఒక ఉత్తరం రాస్తాను, వాడు చదవాలనే రాస్తాను. అందులో అంతా షికారు కబుర్లే ఉంటాయి. నమ్మకు. అమ్మకు నీళ్లు అందాయని అర్థం చేసుకో. నా కోసం ధర్మపురిలో కూర్చోకు.

లక్ష్మణ్ వారంలో కోరుట్ల చేరతాడు.

లింబాద్రి

*

కోరుట్ల
25 జూలై 1991

బావా,

ఏ రోజు దిగుతున్నావు? ఒక్క ముక్క రాయలేదు. లక్ష్మణ్ సెలవు మీద వస్తున్నాడని వాళ్లింట్లో అన్నారు, నీ కబురు తెస్తాడని చూస్తున్నాం, వాడి జాడ కూడా లేదు. నువ్వు నేరుగా ధర్మపురికే వస్తావని అనుకుంటున్నాను. పోయినసారి నేనేదో చెయ్యలేదన్నావు కదా. ఈసారి నీకంటే ముందు నేనే మెట్ల మీద కూర్చుంటాను. వచ్చి చూడు.

అంజన్న

*

మలాజ్, రియాద్
24 ఆగస్టు 1991

ప్రియమైన బావగారికి,

ఇక్కడ అందరం క్షేమం. కంపెనీ పని మీద అభా అనే అందమైన ఊరికి వెళ్లి వచ్చాను. వాతావరణం చల్లగా హాయిగా ఉంది. అక్కడి జలపాతం చూసి చాలా ఆనందించాం. మిత్రుడు ఘనీ ఫోటో తీశాడు, జత చేస్తున్నాను. కోతులు చాలా తమాషాగా ఉన్నాయి. మనసుకు ఎంతో తృప్తిగా ఉంది. అందరినీ అడిగినట్టు చెప్పగలరు.

మీ విధేయుడు
లింబాద్రి

*

కోరుట్ల
14 సెప్టెంబరు 1991

లింబాద్రి గారికి,

ఫోటో అందింది. నువ్వు తడిసి ముద్దయి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నావు. వెనక కోతి కూడా నవ్వుతోంది. ఆ రెంటిలో మా బావ ఎవరని గిర్నీకి వచ్చినవాళ్లు అడుగుతున్నారు.

నేను గుండు చేయించుకున్నాను. రాగి చెంబు పట్టుకుని, నువ్వు చెప్పిన ఆ మెట్ల మీదే కూర్చున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన ప్రతి బస్సూ చూశాను. తెల్ల లుంగీ కట్టిన ప్రతి ముసలాడి వెనకా పరుగెత్తాను. చివరి రోజు దాకా. ఆ రోజుల్లోనే నువ్వు చల్లగాలికి తిరుగుతున్నావు. మనసుకు ఎంతో తృప్తిగా ఉందా బావా? "మిత్రుడు ఘనీ" అట. "మీ విధేయుడు" అట. చదువుకున్నవాళ్లు ఇలాగే వెక్కిరిస్తారని తెలియక పన్నెండేళ్లు నీ తిట్లు భరించాను.

చివరి రోజు గడ్డ మీద స్వర్ణ ఒక మాట చెప్పింది. అది నీకు రాయాల్సిన మాట. రాయను. నువ్వు కోతులను చూసుకో.

అంజన్న

*

మలాజ్, రియాద్
5 అక్టోబరు 1991
(ఘనీ జిద్దా పోతూ అక్కడ బలద్ బజారులో పోస్టు చేస్తాడు. అమ్మిరాజు కంట పడదు.)

బావా,

లక్ష్మణ్ ఏమయ్యాడు? జూన్ నెలలో వాడి చేతిలో నాలుగు పేజీల ఉత్తరం పెట్టాను. ఆ విమానంలో పోయినవాళ్లు సెలవు ముగించుకుని తిరిగి కూడా వచ్చారు. నేను షికారు పోలేదు. "మీ విధేయుడు" అని నేను ఎవరికైనా రాశానంటే అది నా చేత రాయించినట్టే కదా. నలభై ఏళ్లుగా నా చేతిరాత ఎరిగినవాడివి, నా మర్యాద చూసి నీకు అనుమానం రావద్దా? ఆ ఉత్తరం అమ్మిరాజు చదవడానికి రాసింది. వాడు చదివి, "బాగా ఎంజాయ్ చేసినట్టున్నారండీ" అన్నాడు. ఒక క్లర్కును మోసం చెయ్యబోయి నిన్ను చేశాను.

జరిగింది విను.

రియాద్ నుంచి ఒక పగలంతా ఇసుక. ఘనీ అంతసేపూ ఒకే క్యాసెట్టు పెట్టాడు, అది కూడా ఒక వైపే వచ్చేది. పొద్దు వాలేసరికి కొండలు మొదలయ్యాయి. మర్నాడు అభాలో కూలర్లు దించాం. ఇంట్లో చలికి శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దమనిషి కూలర్ నడిపించి చూసి, పనిచేస్తోందని సంతకం పెట్టి ఆపేశాడు.

అక్కడి నుంచి పార్కులోకి వెళ్లాం. దారి ఆగిపోయినచోట లారీ నిలిపి, మేకల బాటలో కిందికి దిగాం. బావా, నేను జలపాతాల గురించి చాలా చదివాను. చదివినవాటిలో ఏదీ ఇలా లేదు. నల్లటి రాతి పెదవి మీంచి మనిషి చెయ్యంత లావు నీళ్లు పడుతున్నాయి. పక్కనే లోయ, ఆ లోయలోంచి మబ్బు మన కాళ్ల కిందనుంచి పైకి వస్తోంది. దానితో పాటు గాలి. ఆ గాలికి నీళ్లు సగం దూరం పడి, మనసు మార్చుకుని, మళ్లీ పైకి లేస్తున్నాయి. పైకి పారే జలపాతాన్ని నేను మొదటిసారి చూశాను. కంపెనీలో నా జీతం కూడా అలాగే ఉంటుంది కాబట్టి వింతేమీ అనిపించలేదు.

ఎవరూ రారని నేను లెక్క వేసిన చోట ఒక సౌదీ కుటుంబం తివాచీ పరచుకుని కూర్చుని ఉంది. ఆ పుస్తకం వాళ్లు చదవలేదు కాబట్టి వాళ్లకు జలపాతం దొరికింది. ఇంటాయన లేచి వచ్చి టీ పోశాడు, ఖర్జూరాలిచ్చాడు. వద్దనడానికి లేదు. ఉపవాసంతో చెయ్యాల్సిన పని ఖర్జూరం తిని మొదలుపెట్టాను.

మలాజ్‌లో నా గదిలోనే అన్నం వండి, నువ్వులు కలిపి, బిర్యానీ డబ్బాలో తెచ్చాను. దర్భ దొరకలేదు, చీపురు పుల్ల తెచ్చాను. రాతి మీద ముద్దలు పెట్టాను. వరస తప్పించడానికి లేదు, బాపు ముందు, అమ్మ తరవాత. గోదావరిని పిలుస్తూ మంత్రం అందుకుని, బాపు పేరు చెప్పి దోసెడు నీళ్లు వదిలాను. గాలి తెచ్చి నా ముఖాన కొట్టింది. మళ్లీ వదిలాను. మళ్లీ కొట్టింది. మూడోసారి నోట్లోకి పోయింది, నువ్వులు కళ్లద్దాలకు అతుక్కున్నాయి, మంత్రం మధ్యలో మరిచిపోయాను. ఇన్ని పుస్తకాలు చదివిన బుర్రలో ఒక్క ముక్క మిగల్లేదు. అమ్మ వంతు వచ్చేసరికి గోదావరినీ పిలవలేదు, ఎవరినీ పిలవలేదు. "అవ్వా, గౌరవ్వా, నీళ్లు తీస్కో" అన్నాను. గాలి ఆగింది. నీళ్లు తిన్నగా కిందికి పోయాయి.

ఇక కాకి ముట్టాలి. కాకి లేదు. నడుమెత్తు కోతి ఒకటి, మెడ చుట్టూ జూలుతో, మా లైబ్రరీ అధ్యక్షుడిలా నడిచి వచ్చింది. బాపు ముద్ద ఎత్తి వాసన చూసి లోయలోకి విసిరేసింది. అమ్మ ముద్ద తీసుకుని, ఎదురుగా కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిన్నది. తివాచీ మీది పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఏడుస్తున్నాను. ఘనీ వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏం పెద్దాయనా, కాకి రాలేదని ఏడుస్తాండావా? మీ అమ్మ సాంతం తినింది గదా. మా ఊర్లో కాకి గూడా ఇంత తొందరగా ముట్టదు."

అప్పుడు నవ్వొచ్చింది. అప్పుడే ఫోటో తీశాడు.

ఇంతలో పార్కు గార్డు ఈల వేసుకుంటూ దిగాడు. అయిపోయింది, నా పని కూడా అయిపోయింది అనుకున్నాను. బోర్డు చూపించి "మమ్నూ, మమ్నూ" అన్నాడు. కోతులకు తిండి పెట్టరాదట. ఇన్ని పట్టింపులున్న ఈ దేశంలో నేను చేసిన నేరం ఇదొక్కటే. ఘనీ ఉర్దూలో సగం అరబ్బీలో సగం బతిమాలాడు, తివాచీ ఇంటాయన కూడా మా తరఫున మాట్లాడాడు. ముసలాడు, చూపు లేదు, బోర్డు చదవలేడు అని చెప్పి నన్ను విడిపించారు. నన్ను చదువురానివాడన్నందుకు మొదటిసారి ఎవరికైనా కృతజ్ఞుడినయ్యాను.

అమ్మకు అందింది బావా. బాపు సంగతే తెలియదు. నీళ్లు తిరిగొచ్చాయి, ముద్ద లోయలో పడింది. దానికి కారణం గాలి, కోతి అని నాకు తెలుసు. తెలిసినా నిద్ర పట్టడం లేదు.

నువ్వు మెట్ల మీద కూర్చున్నావని చదివి, ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్లీ రాశాను. స్వర్ణ చెప్పిన మాట రాయి.

లింబాద్రి

*

కోరుట్ల
2 నవంబరు 1991

బావా,

లక్ష్మణ్ దిగాడు. విమానం దిగిన బొంబాయిలోనే ఏజెంటు పట్టుకున్నాడట. కువైట్ మళ్లీ కడుతున్నారు, ముందు పోయినవాడికి ముందు పని అన్నాడట. అక్కడే నాలుగు నెలలు కూర్చుని, వీసా రాక, ఇంటిదానికి తెచ్చిన సబ్బులు సగం తనే వాడుకుని వచ్చాడు. సంచి అడుగున నీ జూన్ ఉత్తరం, లక్స్ వాసన కొడుతూ. అది అందిన మూడో రోజే నీ అక్టోబరు ఉత్తరం వచ్చింది. రెండూ ఇంట్లోనే వరసగా చదువుకున్నాను. ఫోటో గిర్నీలోంచి తీసి ఇంట్లో పెట్టాను.

ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు.

చివరి రోజు పొద్దు వాలుతోంది. నువ్వు రాలేదు. ఇక నేనే చేస్తానని చెంబు తీసుకుని నీళ్లలోకి దిగాను. అయ్యగారు ముందు మామ పేరు చెప్పమన్నాడు. నేను నోరు తెరిచానో లేదో స్వర్ణ గట్టు మీంచి కేక వేసింది.

"ఆయన పేరు ఎత్తకు. ఆయనకు ఒక్క సుక్క పొయ్యద్దు. అవ్వకు సుత ఈ నీళ్లు పొయ్యద్దు."

గోదావరి గడ్డ మీద అంతమంది మా వైపు తిరిగారు. పక్కకు తీసుకుపోయి అడిగితే అప్పుడు చెప్పింది. అరవై ఏడు పుష్కరానికి అత్తా మామా ఊరివాళ్లతో బండ్ల మీద ధర్మపురి వచ్చారు. నువ్వు నిజామాబాదులో ఉన్నావు, స్వర్ణ ఇక్కడ అత్తగారింట్లో ఉంది. స్నానాలయ్యాక మామ, ఇరుగుపొరుగుకు పంచడానికి గోదావరి నీళ్లు నింపిన ముంతలన్నీ సరిచూసి బండి ఎక్కించి, రాయికల్ వెళ్లిపోయాడు. అత్తను మరిచిపోయాడు. తడి చీరతో ఆమె గడ్డ మీద నిలబడి ఉంది. దారిలో ఎవరో అడిగితే, వెనక బండిలో వస్తుందిలే అన్నాడట. ఇల్లు చేరి, అన్నం పెట్టేవాళ్లు లేరని తెలిశాక గుర్తొచ్చిందట. అప్పుడైనా తిరిగి రాలేదు. తోవ ఎరిగిన మనిషే కదా అన్నాడట.

ఆమె నడిచి వచ్చింది. ఊళ్లో అడిగినవాళ్లకు చుట్టాలింట్లో ఆగానని చెప్పింది. మామతో ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు, చనిపోయేదాకా వండి పెట్టింది. కానీ మళ్లీ గోదావరిలో కాలు పెట్టనని, ఆ నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకుంది. పోయే ముందు స్వర్ణకు చెప్పిన మాటలు స్వర్ణ నోటితోనే రాస్తున్నాను.

"ముంతలు యాదికున్నయి బిడ్డా, నేను యాదికి లేను. గా మనిషికి గోదారి నీళ్లు ఎట్ల పోనిస్త? అన్నకు మాత్రం చెప్పకు. బాపు అంటే వానికి పానం. తండ్రి మీద వాని మనసు ఇరగద్దు."

అందుకే డెబ్బై తొమ్మిదిలో నీకు ఒకటి రాయించింది, నాకు ఒకటి చెప్పింది. "నేను వచ్చేదాకా నీళ్లు వదలకు" అన్నది అందుకే. ఆమె రాదు, నువ్వు వదలవు. మామ మీద నీ మనసు విరగలేదు. విరిగింది నా మీద.

అది విన్నాక నేను చెంబులో నీళ్లు గోదావరిలోనే ఒంపేసి గట్టెక్కాను. అయ్యగారికి ఇవ్వాల్సింది ఇచ్చాను. ఈ పుష్కరంలో కూడా మామకు చుక్క పోలేదు.

ఇక నీ జలపాతం. బావా, నువ్వు చదివినవాడివి, నేను పిండి పట్టేవాణ్ణి. కానీ నాకు తోచింది రాస్తాను. గోదావరిని పిలిచి మామకు నీళ్లు వదిలావు, మూడుసార్లూ నీ ముఖానే పడ్డాయి. గోదావరిని పిలవడం మరిచిపోయి అత్తకు వదిలావు, ఆమె తీసుకుంది. ఒట్టు గోదావరి మీదే కదా, అరబ్బు నీళ్ల మీద లేదు. నువ్వు మంత్రం పూర్తిగా చదివి ఉంటే అత్త ఆ పూట కూడా పస్తే ఉండేది. నీ చదువు అక్కరకొచ్చింది ఆ మరుపు దగ్గరే.

మామ ముద్ద లోయలోకి విసిరింది ఎవరో నేను రాయను. స్వర్ణ అయితే ఫోటో చూసినప్పుడల్లా ఆ కోతికి దండం పెడుతోంది.

నీ బావ
అంజన్న

*

మలాజ్, రియాద్
30 నవంబరు 1991

బావా,

కఫీల్ తిరిగొచ్చాడు. గుర్రం కోలుకుందట. రాగానే నా కాగితం మీద సంతకం పెట్టి, పుష్కరానికి పోయి రమ్మన్నాడు. ఎక్జిట్ రీఎంట్రీ పడింది. జనవరిలో వస్తున్నాను. జీపు మాట్లాడు. స్నానానికి కాదు. గోదావరి నుంచి రాయికల్ దాకా ఆమె నడిచిన తోవ ఒకసారి చూడాలని ఉంది. నడవలేను కాబట్టి జీపు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. ఒంట్లో బాగాలేదని రాసిచ్చాను. అమ్మిరాజు వచ్చి, ఉత్తరంలో ఏం చెడ్డ వార్త అని అడిగాడు. ఈ ఒక్క ఉత్తరం వాడు విప్పలేదట, కవరు మీద "అన్నకు మాత్రమే" అని స్వర్ణ రాసి ఉందని. ఆడవాళ్ల చేతిరాత చూసి ఆగాడు. ఇన్నేళ్లలో వాడు చేసిన ఒక్క మంచి పని. అందుకని వాణ్ణి వదిలేస్తున్నాను.

లక్ష్మణ్‌ను వదిలేస్తున్నాను, సబ్బులతో సహా. కఫీల్‌ను, గుర్రాన్ని వదిలేస్తున్నాను. బాపును ఏం చెయ్యాలో తెలియదు. ముంతలన్నీ సరిచూసుకున్న ఆ చేతులే నన్ను భుజాల మీద జాతరకు మోశాయి. ఎవరికి నీళ్లు వదలాలో, ఎవరికి మానాలో తేల్చే తెలివి నేను చదివిన ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఇంకో పన్నెండేళ్లకు నేనే పైకి పోయి, ఎదురుగా నిలబెట్టి అడుగుతాను.

నిన్ను పన్నెండేళ్లు తిట్టాను. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అవి మంచి తిట్లు, ఎంతో ఆలోచించి రాసినవి, పారెయ్యడానికి మనసొప్పదు. అందుకని అడ్రసు మాత్రం మారుస్తున్నాను.

మెట్ల మీద నన్ను గుండుతో కూర్చోబెట్టింది ఆమె. నిన్ను వాకిట్లో జీపుతో నిలబెట్టింది ఆమె. కొంగుతో కళ్లు తుడుచుకుని "బావను ఏమనకు" అని, జీవితాంతం నిన్నే అనేలా చేసింది ఆమె. తండ్రి మీద నా మనసు విరగకూడదట. నా మనసు అంత పెళుసని ఆమెకు ఎవరు చెప్పారు? ఒక్క మాట నాతో అని ఉంటే, ఆమెతో పాటు నేనూ గోదావరిలో కాలు పెట్టకుండా ఉండేవాణ్ణి. తడి చీరతో అంత దూరం ఒక్కతే నడిచింది, ఆ తరవాత ఆ సంగతిని కూడా ఒక్కతే మోసింది. కొడుకును నేనున్నాను కదా.

నీళ్లు ఇచ్చాను, ముద్ద పెట్టాను, కోతి ముట్టింది. అయినా ఇప్పటికీ నేను తప్పు పట్టే మనిషి ఒక్కరే బావా.

గౌరవ్వ.

నీ లింబాద్రి